ఈస్టర్ సెలవుల్లో హైలాండ్స్ వెళ్తున్నారా? ఆ రాత్రికే వెనక్కి రాకండి

మొన్న ఆదివారం స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో మాస్టర్స్ చేస్తున్న ఒక తమ్ముడు వాట్సాప్‌లో హైలాండ్స్, అంటే స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న కొండ ప్రాంతం, ట్రిప్ ప్లాన్ పంపాడు, "అక్కా, ఒకసారి చూడండి, ఏమైనా మిస్సయ్యామా" అని. శుక్రవారం రాత్రి పదకొండింటికి రెస్టారెంట్‌లో షిఫ్ట్ అయిపోగానే, సాయంత్రమే తెచ్చి పెట్టుకున్న అద్దె కారులో బయల్దేరతారు. తెల్లారేసరికి గ్లెన్‌కో లోయ, పొద్దున గ్లెన్‌ఫినన్ రైలు వంతెన, మల్లేగ్ నుంచి ఫెర్రీలో స్కై దీవి, అక్కడ ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్, కిల్ట్ రాక్, ఫెయిరీ పూల్స్, చీకటి పడ్డాక డ్రైవ్ చేసుకుంటూ గ్లాస్గో. ఐదుగురు మనుషులు, ఒక్క కారు, డ్రైవింగ్ వచ్చినవాడు ఒక్కడు. చూడాల్సిన చోట్లు ఒక్కటీ మిస్సవలేదు. నిద్ర మాత్రం ఆ ప్లాన్‌లో ఎక్కడా లేదు.

2024 ఏప్రిల్‌లో పిట్లోక్రీ దగ్గర లిన్ ఆఫ్ టమెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు పిల్లలు నీళ్లలో పడి చనిపోయారు. అంతకుముందు 2022 ఆగస్టులో ఏ828 రోడ్డు మీద, క్యాజిల్ స్టాకర్ దగ్గర, కారూ లారీ ఢీకొని ముగ్గురు మన దేశం పిల్లలు పోయారు. వాళ్లు ఏం తప్పు చేశారని నేను చెప్పడం లేదు, ఆ హక్కు నాకు లేదు. కానీ ఆ రెండు వార్తలు చదివిన రోజుల్లో నాకు ముద్ద దిగలేదు. ఏటా మార్చి నెలాఖరు వచ్చేసరికి ఇలాంటి ప్లాన్లు నా ఫోన్‌కి వస్తూనే ఉంటాయి. అందుకే ఈసారి ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పకుండా అందరికీ కలిపి రాస్తున్నాను. జాకెట్ తీసుకెళ్లండి, పవర్ బ్యాంక్ మర్చిపోకండి లాంటివి అందరూ చెప్తారు, నేను వాటి జోలికి పోను.

ముందు రాత్రి సంగతి

ఇక్కడికి వచ్చిన ఈ పన్నెండేళ్లలో నేను చూసిన ప్రమాదాలకీ, తృటిలో తప్పిపోయినవాటికీ దాదాపు అన్నిటికీ మూలం ఒక్కటే: "రాత్రికి ఇంటికి వచ్చేద్దాం." గదికి డబ్బులు దండగని, కారు 24 గంటలకే తీసుకున్నామని, ఆదివారం పొద్దున ఒకరికి షిఫ్ట్ ఉందని. కారణం ఏదైనా కావచ్చు, జరిగేది మాత్రం ఒకటే. పొద్దుటి నుంచి ప్రతి చోటా తొందర. తొందరలో బోర్డులు చదవరు, తొందరలో తడి బండ మీద కాలేస్తారు, ఫెర్రీ పోతుందని స్పీడు పెంచుతారు, కొండ మీద వెనక్కి తిరగాల్సిన టైమ్‌లో తిరగరు. అదంతా దాటుకుని బయటపడినా చివర్లో ఐదు గంటల చీకటి రోడ్డు మిగిలి ఉంటుంది, స్టీరింగ్ దగ్గర ముందు రోజు పొద్దున లేచిన మనిషి ఉంటాడు.

మేమూ చేశాం ఆ పని. 2015 అక్టోబర్, పిల్లలు చిన్నవాళ్లు. తెల్లవారుజామున నాలుగింటికి పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకుని గ్లాస్గో నుంచి స్కై వెళ్లి అదే రోజు వెనక్కి బయల్దేరాం. లోచ్ లోమండ్ సరస్సు ఒడ్డున, ఇన్వరార్నన్ దాటాక టార్బెట్ వచ్చే ముందు, ఏ82 రోడ్డు ఎంత ఇరుకో అటు వెళ్లినవాళ్లకి తెలుసు. దక్షిణంగా వస్తుంటే ఎడమ పక్కన మోకాలెత్తు రాతిగోడ, గోడ అవతల నీళ్లు. రాత్రి పదకొండు దాటింది. వెనక పిల్లలు నిద్రపోతున్నారు, నేను మాట్లాడుతూ మాట్లాడుతూనే కునుకు తీశాను. ఠప్‌మని ఒక చప్పుడు. కళ్లు తెరిచేసరికి నా వైపు అద్దం లేదు. దాని తీగ ఒకటి తలుపుకి కొట్టుకుంటూ వేలాడుతోంది, కిటికీకి జానెడు దూరంలో గోడ రాళ్లు పరిగెడుతున్నాయి. మా ఆయన కారు ఆపి, లైట్లు వేసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకే మాట అన్నాడు: "క్రియన్‌లారిక్ ఎప్పుడు దాటామో నాకు గుర్తులేదు." అక్కడి నుంచి అంటే సుమారు పది మైళ్లు. పది మైళ్లు ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి, మనిషి మాత్రం లేడు. గోడకి తగిలింది అద్దం కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను.

నిద్ర మత్తు అంటే ఆవలింతలు వస్తాయి, కళ్లు మంటలు పుడతాయి, ముందే తెలుస్తుంది కదా అనుకుంటారు. తెలియదు. కిటికీ తీయడం, పాటలు పెట్టడం, చూయింగ్ గమ్ నమలడం, పక్కనున్నవాడు కబుర్లు చెప్పడం, ఏవీ పని చేయవు. ఇక్కడి ట్రాఫిక్ నియమాల పుస్తకం హైవే కోడ్ ప్రతి రెండు గంటలకీ కనీసం పదిహేను నిమిషాలు ఆగమంటుంది. అది నిద్ర చాలినవాళ్ల సంగతి. రాత్రంతా షిఫ్ట్ చేసి వచ్చినవాడికి పదిహేను నిమిషాలు ఏ మూలకి?

ఐదుగురు కలిస్తే గ్లెన్‌కోలోనో, గ్లెన్ నెవిస్‌లోనో, స్కైలో అయితే బ్రాడ్‌ఫర్డ్‌లోనో హాస్టల్‌లో మంచాలు దొరుకుతాయి. నేను బుక్ చేసినప్పుడల్లా మనిషికి పాతిక ముప్పై పౌండ్ల లోపే అయింది. ఈస్టర్‌కి ముందే నిండిపోతాయి కాబట్టి మంచం దొరికాకే కారు బుక్ చేయండి. మంచం దొరక్కపోతే స్కై మానేసి లోచ్ లోమండ్ ఒడ్డున బాల్మహాకి వెళ్లండి, గ్లాస్గో నుంచి గంట దారి, కోనిక్ హిల్ ఎక్కి చీకటి పడకముందే ఇంట్లో ఉంటారు. అది తక్కువ ట్రిప్పేం కాదు.

లెస్టర్, బర్మింగ్‌హామ్, లండన్ నుంచి వచ్చేవాళ్లకి ఇదే మాట ఇంకా గట్టిగా. మీరు గ్లాస్గో చేరేసరికే ఐదు నుంచి ఏడు గంటల డ్రైవింగ్ అయిపోయి ఉంటుంది. హైలాండ్స్ అక్కడి నుంచి మొదలవుతాయి. ఆ రాత్రి గ్లాస్గోలోనే పడుకోండి.

రోడ్డు

గ్లాస్గో నుంచి స్కైలోని పోర్ట్రీ 350 కిలోమీటర్లు, మ్యాప్ ఐదు గంటలు చూపిస్తుంది. అది హైదరాబాద్ నుంచి విజయవాడ మీదుగా ఏలూరు దాకా వెళ్లినట్టే అనుకుంటారు. ఇక్కడ గ్లాస్గో శివార్లు దాటాక నాలుగు లైన్ల రోడ్డు లేదు, మధ్యలో డివైడర్ లేదు, దారి పొడుగునా లైట్లు లేవు, రాత్రి తొమ్మిది దాటితే టీ నీళ్లు దొరికే చోటు లేదు. మలుపు తిరగ్గానే ఎదురుగా కట్టెల లారీయో, టూరిస్టు బస్సో సగం మన వైపుకి వచ్చి ఉంటుంది. మ్యాప్ చెప్పిన టైమ్‌కి మూడో వంతు కలుపుకోండి.

మామూలు రెండు లైన్ల రోడ్డు మీద కారుకి స్పీడ్ లిమిట్ గంటకి 60 మైళ్లు. అది ఇంతకు మించి పోవద్దు అని చెప్పే లెక్క మాత్రమే, అంత స్పీడులో పొమ్మని కాదు. గుడ్డి మలుపులో 30 కూడా ఎక్కువే.

ఏ9 మీద ఇంకో గండం. పెర్త్ నుంచి ఇన్వర్‌నెస్ దాకా ఆ రోడ్డు కాసేపు మధ్యలో డివైడర్ ఉన్న డబుల్ రోడ్డు, కాసేపు డివైడర్ లేని సింగిల్, మళ్లీ డబుల్. అలసిపోయినవాడికి ఎక్కడ మారిందో తెలియదు, ఇంకా డబుల్ రోడ్డే అనుకుని ఓవర్‌టేక్ చేయడానికి కుడివైపుకి వెళ్తాడు, ఎదురుగా వచ్చేవాడు కూడా 60లో వస్తుంటాడు. ఏ మాత్రం సందేహం ఉన్నా ఎడమవైపే ఉండండి.

సింగిల్ ట్రాక్ రోడ్లు, అంటే ఒక్క కారు పట్టే దారులు, మన పల్లెల్లో చేల మధ్య రోడ్ల లాంటివే. కాకపోతే మనూళ్లో మట్టిలోకి దించేస్తాం, ఇక్కడ దించితే బురదలో దిగబడిపోతారు. పాసింగ్ ప్లేస్ అని బోర్డు ఉన్న చోట మాత్రమే ఆగాలి. అది మీ ఎడమ పక్కన ఉంటే అందులోకి వెళ్లండి, కుడి పక్కన ఉంటే దాని ఎదురుగా రోడ్డు మీదే ఆగండి, ఎదుటివాడు అందులోకి వెళ్లి మిమ్మల్ని దాటుతాడు. కుడివైపు పాసింగ్ ప్లేస్‌లోకి మీరు దూరితే ఎదుటివాడికి మీరేం చేస్తున్నారో అర్థం కాదు, ఇద్దరూ ఒకవైపుకే వస్తారు. వెనక ఎవరైనా తరుముతున్నట్టు వస్తుంటే వాళ్లు ఆ ఊరివాళ్లే అయి ఉంటారు, పక్కకి జరిగి పోనివ్వండి. అక్కడ కారు పార్క్ చేసి ఫోటోలు దిగొద్దు, అంబులెన్స్ వచ్చినా ఆ సందులోంచే రావాలి.

ఏప్రిల్ గొర్రెలు ఈనే కాలం. రోడ్డుకి ఒక పక్కన తల్లి, ఇంకో పక్కన పిల్ల కనిపించాయంటే ఆ పిల్ల తప్పకుండా మీ ముందు నుంచే పరిగెత్తుతుంది. కారు ఆపేయండి. జింకలు రాత్రుళ్లు రోడ్డు పక్క పచ్చిక కోసం కిందికి దిగుతాయి, హెడ్‌లైట్ వెలుగులో ముందు రెండు కళ్లే మెరుస్తాయి. ఒకటి దాటిందంటే వెనక ఇంకొన్ని ఉంటాయి. తప్పించాలని స్టీరింగ్ తిప్పొద్దు, బ్రేకే వేయండి. స్టీరింగ్ తిప్పినవాళ్లు ఎదుటి లారీ కిందకో, చెరువులోకో వెళ్తారు. ఇవన్నీ చీకట్లో వచ్చే గండాలే కాబట్టి మళ్లీ చెప్తున్నాను, ఆ రాత్రికే వెనక్కి రాకండి.

ఫెర్రీ

మల్లేగ్ నుంచి స్కైలోని ఆర్మడేల్‌కి ఫెర్రీ ప్రయాణం ముప్పావు గంట, చాలా బాగుంటుంది, మా పిల్లలకి స్కై అంటే అదే గుర్తు. కానీ కారుకి ముందే బుక్ చేసుకోవాలి, కనీసం అరగంట ముందు లైన్‌లో ఉండాలి, గాలి ఎక్కువైతే రద్దు చేస్తారు. ముందు రోజు రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి ఫెర్రీ కంపెనీ పేజీ చూసుకోండి. రద్దయితే రోడ్డు మీద తిరిగి వెళ్లాలి, మల్లేగ్ నుంచి ఫోర్ట్ విలియం, ఇన్వర్‌గ్యారీ, స్కై వంతెన మీదుగా ఆర్మడేల్‌కి మూడు గంటల పైనే.

ఒకసారి మా ముందు కారు ఫోర్ట్ విలియం నుంచి ఫెర్రీ అందుకోవాలని ఎలా పోయిందో నేను కళ్లారా చూశాను, రెండు మలుపుల్లో తెల్లగీత దాటి. మల్లేగ్ చేరేసరికి ఓడ తలుపు పైకి లేస్తోంది. వాళ్లకి ఏమీ కాలేదు, కానీ కారు దిగిన ఆ అమ్మాయి చేతులు వణుకుతుంటే మా ఫ్లాస్క్‌లో టీ పోసిచ్చాను. ఫెర్రీ పోతే పోనివ్వండి. ఇంకోటి వస్తుంది, రాకపోతే రేపు వస్తుంది. రాత్రికి పడుకోవడానికి మంచం ఉన్నవాళ్లు మాత్రమే ఆ మాట అనుకోగలరు.

లోపల కారుని గేర్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి పైకి వెళ్లిపోవాలి, కారులో కూర్చోనివ్వరు. కింద ఇనప నేల తడిగా ఉంటుంది, మెల్లగా నడవండి. వాంతులయ్యేవాళ్లు ఓడ మధ్యలో కూర్చుని దూరంగా గట్టు వైపు చూడండి.

నీళ్లు

జలపాతం దగ్గర బండలు చూడటానికి పొడిగా, నల్లగా ఉంటాయి. వేలితో రాసి చూడండి, సబ్బు పూసినట్టు ఉంటుంది. అది నాచు, ఎండ రోజున కూడా ఉంటుంది. స్పోర్ట్స్ షూ దాని మీద ఆగదు. ఒకరు జారితే పక్కవాళ్లు చెయ్యి అందించబోయి జారతారు.

మేం గోదావరిలో ఈదినవాళ్లం, దిగుడు బావుల్లో దూకినవాళ్లం అంటారు. ఈత రావడానికీ దీనికీ సంబంధం లేదు. ఏప్రిల్‌లో ఈ నీళ్లు పది డిగ్రీలు కూడా ఉండవు. ఒంటికి తగలగానే మన ప్రమేయం లేకుండా ఎగశ్వాస వస్తుంది, ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే గాలికి బదులు నీళ్లు లోపలికి పోతాయి. ఆ మొదటి నిమిషంలోనే ఎంతోమంది పోతారు. దాన్ని దాటినా కాసేపటికి చేతులు కాళ్లు మొద్దుబారిపోతాయి. లోచ్ లోమండ్‌లో ఒడ్డున మోకాళ్ల లోతే ఉంటుంది, ఇంకో రెండడుగులు వేస్తే కాళ్ల కింద నేల ఉండదు. 2021 జూలైలో పల్పిట్ రాక్ దగ్గర ఒకే బృందంలో ముగ్గురు అలాగే పోయారు, అది వేసవి.

పొరపాటున పడితే ఈదొద్దు. వెల్లకిలా తిరిగి, చెవులు నీళ్లలో మునిగేలా తల వెనక్కి వాల్చి తేలండి, ఊపిరి కుదుటపడేదాకా. పైన ఉన్నవాళ్లు దూకొద్దు. దూకొద్దు అంటున్నాను. చున్నీ, బెల్టు, కొమ్మ, ఖాళీ నీళ్ల డబ్బా, ఏది దొరికితే అది అందించండి, విసరండి, ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 999కి కొట్టి ఫైర్ సర్వీస్ కావాలనండి. సముద్రం దగ్గరైతే కోస్ట్‌గార్డ్ కావాలనండి.

ఇక కొండల గురించి. బెన్ నెవిస్ 1,345 మీటర్లు. "అలిపిరి మెట్లెక్కాం కదా అక్కా, 3,550 మెట్లు" అని పోయినేడు ఒక చెల్లి అంది. అలిపిరిలో పైన కప్పు ఉంటుంది, లైట్లు ఉంటాయి, పక్కన వందల మంది గోవిందా అంటూ నడుస్తుంటారు, కాళ్లు నొప్పెడితే కూర్చోవడానికి చోటుంటుంది. ఇక్కడ సగం దాటితే ఏమీ ఉండదు. కింద గ్లెన్ నెవిస్‌లో ఎండ కాస్తుంటే పైన ఏప్రిల్‌లో ఇంకా పూర్తి చలికాలమే, దారి మంచు కింద ఉంటుంది, పైన చదునులో మబ్బు కమ్మితే మన చెయ్యి మనకి కనపడదు, పక్కనే పాతాళం లాంటి లోయలు. ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), క్రాంపాన్లు (బూట్లకి కట్టుకునే ఇనప ముళ్లు) లేకుండా, వాటిని వాడటం రాకుండా ఇప్పుడు పైదాకా వెళ్లొద్దు. పోనూ రానూ ఏడెనిమిది గంటలు. అలా దిగి వచ్చినవాడు ఆ రాత్రికే గ్లాస్గోకి కారు నడపాలని ప్లాన్‌లో రాసుకున్నారా? కొట్టేయండి ఆ లైను.

మిగిలినవి వరసగా చెప్పేస్తాను, ఒక్కటీ వదలకండి.

ఇన్సూరెన్స్‌లో పేరు లేనివాడు స్టీరింగ్ ముట్టుకోవద్దు, ఐదు నిమిషాలకైనా సరే. డ్రైవర్‌కి నిద్ర వచ్చిందని పేరు లేనివాడికి కారిస్తే ఇద్దరి మెడకీ చుట్టుకుంటుంది.

ఇద్దరు డ్రైవర్లు ఉండాలి. ఇద్దరి పేర్లూ రాయించండి. ఇద్దరూ రాత్రి నిద్రపోయి ఉండాలి.

తాగితే మర్నాడు పొద్దున కూడా నడపొద్దు. స్కాట్లండ్‌లో 2014 నుంచి లిమిట్ ఇంగ్లండ్ కన్నా తక్కువ, 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 80 మిల్లీగ్రాములు కాదు, 50.

ఏ82, ఏ87 మీద చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

మాట్లాడటానికి సిగ్నల్ చాలకపోయినా ఒక్కోసారి మెసేజ్ పోతుంది. ఇవాళే 999కి ఇంగ్లిష్‌లో రిజిస్టర్ అని మెసేజ్ పెట్టండి, తిరిగి వచ్చినదానికి అవునని జవాబివ్వండి. ముందే చేసి ఉంచితేనే పని చేస్తుంది.

కొండ మీద దారి తప్పితే 999కి కొట్టి ముందు పోలీస్ అనాలి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అనాలి. వాళ్లు వాలంటీర్లు, డబ్బు అడగరు. బిల్లు వస్తుందని భయపడి చీకటి పడేదాకా ఆగినవాళ్లు నాకు తెలుసు. ఆగొద్దు.

విజిల్ ఒకటి కొనుక్కోండి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు.

ఫోన్ లైట్ టార్చి కాదు. తలకి కట్టుకునే టార్చి తీసుకెళ్లండి.

ఎడిన్‌బరా వాళ్లు క్రామండ్ దీవికి నడిచి వెళ్లేముందు ఆటుపోట్ల టైమ్ చూడండి. 81400కి క్రామండ్ అని మెసేజ్ పెడితే వెళ్లగలిగే వేళలు వస్తాయి. ఒడ్డున బోర్డు కూడా ఉంటుంది. నీళ్లు చుట్టేశాక నడిచి దాటబోవద్దు, దీవి మీదే ఉండి ఫోన్ చేయండి.

ఫెయిరీ పూల్స్ దగ్గర వాన మొదలైతే వెనక్కి వచ్చేయండి, వాగు చూస్తుండగానే పొంగుతుంది.

డ్యామ్ కింద నది మధ్య బండల మీదికి వెళ్లొద్దు. పైన నీళ్లు వదిలితే చెప్పి వదలరు.

అంచు దగ్గర వెనక్కి నడుస్తూ సెల్ఫీ తీసుకోవద్దు. ఫోటో తీసేవాడు కదలాలి, దిగేవాడు కదలకూడదు.

పెట్రోల్ సగానికి వచ్చినప్పుడే నింపండి.

బెయాలక్ న బా కొండ దారి, యాపిల్‌క్రాస్ వెళ్లేది, మొదటి ట్రిప్‌లో వద్దు. 626 మీటర్ల ఎత్తుకి సింగిల్ ట్రాక్‌లో హెయిర్‌పిన్ మలుపులు. డ్రైవింగ్ నేర్చుకుంటున్నవాళ్లు పోవద్దని మొదట్లోనే బోర్డు పెట్టారు. లైసెన్స్ కొత్తగా వచ్చినా సరే, ఆ బోర్డు మీ కోసమే అనుకోండి.

కారులో ఎవరైనా ఒక్కరు "నాకు భయంగా ఉంది, ఆపు" అంటే ఆపాలి. ఎందుకని అడగొద్దు.

నిద్ర వస్తోందంటే ఎక్కడున్నా సరే, లే-బై, అంటే రోడ్డు పక్కన బండ్లు ఆపుకునే చోటు, చూసుకుని కారు ఆపి తలుపులు లాక్ చేసి పడుకోండి. షిఫ్ట్ పోతే పోతుంది. కారుకి ఇంకో రోజు అద్దె పడుతుంది, పడనివ్వండి.

ఆ రాత్రికే వెనక్కి రాకండి.

బయల్దేరేముందు కారు నంబరు, ఎక్కడికి, ఏ దారిలో, ఎన్నింటికి చేరతారు, ఈ నాలుగూ ఊళ్లో ఉన్న ఒక మనిషికి రాసి పంపండి. ఆ టైమ్ దాటి ఫోన్ కలవకపోతే ఎంతసేపు ఆగి పోలీసులకి చెప్పాలో కూడా ముందే అనుకోండి. మొదట్లో చెప్పిన ఆ తమ్ముడు ప్లాన్ మార్చుకున్నాడు, కారు నంబరు నా దగ్గర ఉంది. శనివారం రాత్రి తొమ్మిదిలోపు గ్లెన్‌కో హాస్టల్ నుంచి "చేరాం అక్కా" అని మెసేజ్ రావాలి. పది దాకా చూస్తానని చెప్పాను.